ఇల్లు వచ్చింది, జాగ రాలే

మున్సిపాలిటీ నౌకరీల కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తరు. చాయ్ తాగి, "మేడం, మీ సర్వీసుల అన్నిటికంటే కష్టమైన పని ఏంది?" అని అడుగుతరు. కూలగొట్టుడు అంటనేమో అనుకుంటరు. కూలగొట్టుడు ఏం కష్టం బిడ్డా, జేసీబీ ఉంటే చాలు. ఇల్లు కట్టుకుంటమని వచ్చినోళ్లకు పర్మిషన్ ఇచ్చుడు కూడ పెద్ద పని కాదు. గోడలు, కప్పు, తలుపు, తాళంచెవి అన్నీ ఉన్న ఇల్లు ఒకటి లారీ ఎక్కి వచ్చి ఆఫీసు ముంగట నిలబడి, దింపేందుకు జాగ మాత్రం లేకపోతే, అప్పుడు తెలుస్తది కష్టమంటే ఏందో.

నేను టౌన్ ప్లానింగ్ సెక్షన్ల పని చేసిన. ఇల్లందు దిక్కు, చండ్రుగొండ దిక్కు తిరిగి తిరిగి, చివరికి ఒక బొగ్గు టౌన్ల పడ్డ. ఆ టౌన్ల జాగ సంగతి చెప్పాలె. ఒక దిక్కు గనుల జాగ. ఇంకో దిక్కు అడవి, హద్దు రాయి అవతల మేకను కట్టేసినా నోటీసు వస్తది. మూడో దిక్కు వాగు. నాలుగో దిక్కు ఖాళీ జాగ మస్తుగున్నది గని, ఏ గజం చూసినా దాని మీద ఇద్దరు అన్నదమ్ములు కోర్టుల కొట్లాడుతుంటరు.

బస్టాండు వెనక కాలువ పక్కన ఒక గుడిసె ఉండేది. అండ్ల ఒక ఆడమనిషి విస్తర్లు కుట్టి అమ్మేది. అందరు విస్తర్ల అక్క అనేటోళ్లు, నేను కూడ అట్లనే పిలిచేదాన్ని. ఆమె పుట్టింది అడవిల ఊరు. పొద్దుగాల మొదటి బస్సుకు ఆమె ఊరోళ్లు విస్తర్లకు అడ్డాకుల మోపులు తెచ్చి గుడిసె ముంగట దింపేటోళ్లు. వాళ్లల్ల వాళ్లు వాళ్ల భాషల మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గని, నన్ను చూసి నవ్వుతున్నరని మాత్రం అర్థమయ్యేది. టౌన్ల ఏ హోటల్ల టిఫిన్ తిన్నా, ఏ పెండ్లిల బువ్వ తిన్నా అక్క కుట్టిన ఆకుల తిన్నట్టే.

రోడ్డు వెడల్పు చేసే పని వచ్చింది. ప్లానుల గీసిన గీత సరిగ్గ గుడిసె నడుమల నుంచి పోయింది. వాగు అవతల కాలనీల రూము ఇస్తమన్నరు. అక్క వద్దన్నది.

"ఆడికి పొద్దుగాల బస్సు వస్తదా? రాదు. ఆకు రాదు. హోటలోళ్లు వస్తరా? రారు. నేనొక్కదాన్ని పోయి ఏం చెయ్యాలె, గోడలకు విస్తర్లు వెయ్యాలెనా?"

మాటల ఆమెను గెలిచినోళ్లు మా ఆఫీసుల ఎవ్వరు లేరు.

అదే రోజులల్ల హైదరాబాద్‌ల ఒక సంస్థ వాళ్లు ఫ్యాక్టరీల తయారు చేసిన చిన్న ఇండ్లు పేదోళ్లకు నమూనా కింద ఇస్తున్నరని మా కమిషనర్ సారుకు తెలిసింది. సారు కొత్తగ వచ్చిండు, చిన్న వయసు, మంచి ఉషారు. అక్క కోసం ఒకటి అడిగిండు. వాళ్లు సరేనన్నరు. జాగ ఎక్కడ అని వాళ్లడగలే, సారు చెప్పలే. జాగ చూసుడు నా పని అని నాకు ఎవ్వరు చెప్పలే. ముగ్గురం మంచోళ్లమే, ఎవరి పనిల వాళ్లమున్నం.

ఒకరోజు పొద్దున ఫోనొచ్చింది. పర్ణశాల దిక్కు ఒక ఇల్లు దింపిండ్రట, రెండోదాన్ని ఎక్కించుకొని ట్రైలర్ ఇటే వస్తున్నదట.

ట్రైలర్ వచ్చి మా ఆఫీసు గేటు ముంగట ఆగింది. దాని మీద ఇల్లు. తెల్ల గోడలు, నీలం తలుపు, రెండు కిటికీలు, లోపల ఒక రూము, వంటకు మూల, బాత్రూము. టౌనంతా చూడనీకి వచ్చింది. డబ్బా ఇల్లని పేరు పెట్టిండ్రు. ఒకాయన పెండ్లాన్ని తీసుకొచ్చి కిరాయి ఎంతని డ్రైవర్‌ను అడిగిండు. డ్రైవర్ చెప్పిండు కూడ! నేను పోయి ఆపకపోతే అడ్వాన్స్ గిట్ల తీసుకునేటోడే.

"మేడం, దింపుడు ఎక్కడ?" అని అడిగిండు డ్రైవర్.

"చూస్తున్నం."

"ఇల్లు వచ్చినంక చూసేది ఏంది మేడం? ఇది బియ్యం బస్తనా, ఏ మూలకంటే ఆ మూలకు వేసిపోనీకి?"

అప్పుడు నాతోని కలిసింది నీళ్ల సెక్షన్ అన్న. మనిషి లావు, నోరు అంతకంటే లావు. టౌన్ల ఏ పైపు ఎక్కడ పోతదో ఆయనకే తెలుసు, ఎక్కడ లీకయితదో ఆయన తప్ప అందరికీ తెలుసు. ఇద్దరం టేపు పట్టుకొని బయలుదేరినం. రోడ్డు వెడల్పు పని చేసే కాంట్రాక్టరు ఇంకో రెండు మూడు రోజులల్ల గుడిసె దగ్గరికి వస్తడు. ఆలోపు ఇల్లు నేల మీద నిలబడాలె.

మొదలు అన్న వాటర్ ట్యాంక్ కింద చూపించిండు. జాగ మంచిగున్నది, నీడ ఉన్నది. నేను తల పైకెత్తి చూస్తే ముక్కు మీద ఒక చుక్క పడ్డది.

"గదేం లేదు మేడం, చలువ చేస్తది," అన్నడు అన్న.

అక్కడి నుంచి కూరగాయల మార్కెట్ స్లాబు మీదికి ఎక్కినం. విశాలంగ ఉన్నది. అక్కను పిలిచి చూపించినం. ఆమె మెట్లెక్కి, కిందికి చూసి, దిగింది. "ఆకు మోపులు నెత్తిన పెట్టుకొని రోజు ఈ మెట్లు ఎక్కాలెనంటే, నేను కూసొని కుట్టేదెప్పుడు?" అన్నది. నిజమే.

సెంటర్ల పెద్ద సర్కిల్ ఉన్నది, నడుమ గడ్డి పెంచి వదిలిపెట్టిండ్రు. చుట్టూ రోడ్డే, హోటళ్లు దగ్గర, బస్సు దగ్గర. నాకు మస్తు నచ్చింది. అక్క సర్కిల్ చుట్టూ ఒకసారి తిరిగింది.

"వద్దమ్మా. నాకు ఇల్లు కావాలె గని విగ్రహం కొలువు వద్దు. ఈడ కూసుంటే నా పుట్టినరోజుకు కూడ మీరు దండ తెచ్చి మెడల వేసి పోతరు."

శ్మశానం గోడ పక్కన ఒక ముక్క ఉన్నది. అడగనీకి నాకు నోరు రాలే, అన్ననే అడిగిండు. ఆశ్చర్యం, అక్క సరేనన్నది. "ఇరుగుపొరుగు గొడవ పెట్టరు" అన్నది. ఒప్పుకోనిది శ్మశానం కమిటీ పెద్దమనుషులు. "పొద్దంత మనుషులొచ్చి ఆకు బేరమాడుతుంటే మా పెద్దలకు నిద్ర ఉంటదా?" అని మీదికొచ్చిండ్రు. పెద్దల తరఫున బతికున్నోళ్లు అంత గట్టిగ మాట్లాడుడు నేనెన్నడు చూడలే.

చివరికి మూతబడ్డ సినిమా హాలుకు, పక్క బిల్డింగుకు నడుమ ఒక సందు దొరికింది. అది మున్సిపాలిటీదే. టేపు పెట్టి కొలిచినం. ఇల్లు పడతది. మళ్ల కొలిచినం, మళ్ల పడ్డది. అన్న సంతోషంతోని నాకు జిలేబీ తినిపించిండు. క్రేన్ వచ్చింది. ట్రైలర్ వచ్చింది. ఇంటిని మెల్లగ సందుల దింపినం. జనం చప్పట్లు కొట్టిండ్రు. డ్రైవర్ తాళంచెవి నా చేతుల పెట్టిండు. నేను ముంగటికి పోయి తాళం తీసి తలుపు లాగిన.

జానెడు వచ్చి ఆగింది. సినిమా హాలు గోడకు తగిలి ఠంగుమన్నది.

ఇంటి పొడవు కొలిచినం, వెడల్పు కొలిచినం, ఎత్తు కూడ కొలిచినం. తలుపు బయటికి తెరుచుకుంటదా లోపలికి తెరుచుకుంటదా అని ఎవ్వరం చూడలే. అన్న ఆ సందుల తల పెట్టి చూసి, "కిటికీ పెద్దగనే ఉన్నది మేడం" అన్నడు.

అక్క నన్ను చూసింది. "అంటే దొంగలకు, నాకు ఒకటే దారా?"

జనం నవ్విన నవ్వు బస్టాండు దాకా వినపడ్డది. ఇల్లు మళ్ల ట్రైలర్ ఎక్కింది.

ఆ సాయంత్రం ఆఫీసు ముంగట ట్రైలర్ నీడల అక్క ఒక్కతే కూసున్నది. నేను పక్కన కూసున్న. అందరు లోపలికి పోయి చూసొచ్చిండ్రు, ఆమె ఒక్కతే చూడలే. ఆ మాటే అడిగిన.

"చూడనమ్మా. పెట్టే జాగ లేని ఇల్లు చూస్తే ఆశ పుడతది. ఇప్పుడు నాకు గుడిసె ఒక్కటే పోతున్నది. చూసినంక ఇది కూడ పోతే రెండు పోయినట్టయితది కద."

నేను లోపలికి పోయి టౌన్ మ్యాపు మళ్ల ముంగటేసుకున్న.

తెల్లారి కమిషనర్ సారుకు కలెక్టరాఫీసుల మీటింగు. కారెక్కుతూ నన్ను పిలిచిండు. మొఖం చిన్నగ చేసుకున్నడు, ఎవరో ఫోన్ల గట్టిగనే అన్నట్టున్నది.

"మేడం, సాయంత్రం నేను వచ్చేసరికి ఆ ట్రైలర్ ఆఫీసు ముంగట కనపడొద్దు. ఏం చేస్తరో, ఎట్ల చేస్తరో నాకు తెల్వదు."

"సరే సార్," అన్న.

కారు పోయినంక అక్క వచ్చింది. చేతిల చిన్న మూట.

"మా చెల్లె చండ్రుగొండ దిక్కున్నది. ఆడికే పోత. మీరు మంచోళ్లు, మస్తు తిరిగిండ్రు. ఒక్కటే అడుగుత. ఎన్కట మీ ఆఫీసోళ్లు ఫుట్‌పాత్ మీద నుంచి నా చెక్క బల్ల ఎత్తుకొచ్చిండ్రు. అది ఇస్తే తీసుకొని పోత."

అట్ల ఎత్తుకొచ్చిన సామానంతా ఆఫీసు వెనక కుప్పేసేటోళ్లు. ఇద్దరం ఆడికి పోయినం. తోపుడు బండ్లు, ఇడ్లీ బండ్లు, చెప్పులు కుట్టేటోళ్ల గొడుగులు, చినిగిన ఫ్లెక్సీలు, చక్రం లేని చెత్త రిక్షాలు. ఏ కాలంల తెచ్చినయో మాకే తెల్వదు. ఒక బండి నడుమల నుంచి వేపచెట్టు మొలిచి నా ఎత్తు పెరిగింది. అక్క చీర ఎగ్గట్టి కుప్పెక్కింది. బండ్ల నడుమ వంగి వెతుకుతుంటే నేను కిందనే నిలబడి చూస్తున్న.

చూస్తుంటే నా కండ్లకు సామాను కనపడుడు ఆగిపోయింది. దాని కింద ఉన్న నేల కనపడుడు మొదలైంది. కాంపౌండ్ గోడ మూల. గోడకు నల్లా. మూల మీద కరెంటు స్తంభం. గోడ అవతల మార్కెట్ సందు, దాని చివరికి బస్టాండు. అడవి కాదు, గని కాదు, వాగు కాదు, అన్నదమ్ములు లేరు.

"దొరికింది!" అని అక్క బల్ల మీద చెయ్యి చరిచింది.

"నాకు కూడ దొరికింది," అన్న.

అన్నను పిలిచి చెప్పిన. ఆయన కుప్ప దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "సారుకు ఫోన్ చేద్దమా?"

"ట్రైలర్ కనపడొద్దన్నడు. ఇల్లు కనపడొద్దనలే."

"ఈ సామానంతా ఎవరు తీస్తరు మేడం? వారం పడతది."

"ఎవరిది వాళ్లు తీసుకుంటరు."

అన్న మొఖం మీద నవ్వు మెల్లగ పాకింది. చెత్త ఆటో ఎక్కి మైకు పట్టుకున్నడు. టౌనంతా తిరుగుతూ ఆయన చెప్పింది నాకిప్పటికీ యాదికున్నది: "మున్సిపాలిటీ పట్టుకున్న బండ్లు, బల్లలు, గొడుగులు మాఫీ! మాఫీ! ఇయ్యాల ఒక్కరోజే! జల్దీ రాండ్రి, మీ సామాను మీరు తీసుకపోండ్రి!"

జాతరొచ్చినట్టు వచ్చిండ్రు. మా వాచ్‌మన్ గేటు తెరిచి పక్కకు జరిగిండు, జరగకపోతే ఆయనను కూడ ఎత్తుకపోయేటోళ్లు. ఇద్దరు ఒక్క గొడుగు పట్టుకొని గుంజుకున్నరు. వేపచెట్టు మొలిచిన బండి ఓనరు చెట్టును వేర్లతోని తీసి గేటు పక్కన నాటి, బండి తీసుకొని పోయిండు. ఒకాయన అద్దాల పెట్టె ఉన్న పానీపూరి బండి తోసుకొని పోతుంటే నాకు అనుమానం వచ్చి ఆపిన.

"నీది ఉత్త తోపుడు బండి కద? దీనికి అద్దాలేంది?"

"ఇన్నేండ్లు మున్సిపాలిటీల ఉన్నది కద మేడం, బలిసింది."

నవ్వు ఆపుకోలేక పోనిచ్చిన. అసలు ఓనరు వస్తే ఏమయ్యేదో గని, రాలే.

మధ్యాహ్నం అయ్యేసరికి ఆ మూల ఊడ్చినట్టయింది. అన్న మనుషులు నేల చదును చేసి, ఇటుకల దిమ్మెలు కట్టిండ్రు. ఈసారి నేను మొదలు తలుపు తీసి చూసిన, ఎటు తెరుచుకుంటదో. మార్కెట్ సందుల క్రేన్ నిలబడ్డది, కరెంటోళ్లు వచ్చి లైన్ బంద్ చేసిండ్రు. ఇల్లు ట్రైలర్ మీద నుంచి లేచింది. గోడ మీదికి వచ్చేసరికి గాలికి కొంచెం ఊగింది. అక్క వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. ఆకులు కుట్టి కుట్టి గరుకైన చెయ్యి. కండ్లు మూసుకున్నది.

"దిగిందా?"

"ఇంకా లేదు."

"దిగిందా?"

"దిగింది అక్కా. చూడు."

ఆమె కండ్లు తెరిచి చూసింది. తాళంచెవి ఇచ్చిన. తీసి లోపలికి పోయింది. చాలాసేపు బయటికి రాలే. నేను కూడ లోపలికి పోలే. కొంతసేపటికి కిటికీ రెక్క తెరుచుకున్నది, మూసుకున్నది, మళ్ల తెరుచుకున్నది.

సాయంత్రం కమిషనర్ సారు కారు వచ్చింది. గేటు ముంగట ఖాళీ చూసి ఆయన మొఖం విప్పారింది. లోపలికి వచ్చినంక బిల్డింగు పక్క నుంచి నీలం తలుపు కనపడ్డది. నిలబడిపోయిండు. నేను వెనక్కి చూస్తే నీళ్ల సెక్షన్ అన్న లేడు. అంత లావు మనిషి ఎట్ల మాయమయిండో నాకు ఇప్పటికీ అర్థం కాలే.

"మేడం, ఏందిది?"

"ట్రైలర్ పోయింది సార్."

"ఇల్లు?"

"ఇల్లు దిగింది సార్."

అంతల అక్క బయటికి వచ్చింది. "రా సారు, కూసో. ఇగ ఇరుగుపొరుగోళ్లమైనం," అని ఆ చెక్క బల్ల చూపించింది. మా ఆఫీసు పట్టుకొచ్చిన బల్ల మీద మా ఆఫీసు పెద్ద కూసున్నడు. అడవి దిక్కు పోయే ఆఖరి బస్సు కోసం ఆగిన ఆకు మోపులోళ్లు ఇంటి నీడల కూసొని అప్పటికే విస్తర్లు కుడుతున్నరు. సారును చూసి వాళ్ల భాషల ఏదో అనుకొని నవ్విండ్రు. ఈసారి నన్ను చూసి కాదు. నాకు పానం చల్లబడ్డది.

తెల్లారి నాకు మెమో వచ్చింది. ఎవరిని అడిగి దింపినవని. జవాబు రాసుకుంటుండంగనే కలెక్టర్ వచ్చి ఆ ఇల్లు చూసి మెచ్చుకున్నరు. సారు వినయంగ తల వంచి, "ఆఫీసు వెనక జాగ వాడుదమని నాకే తట్టింది" అన్నడు. నేను పక్కనే నిలబడి తల ఊపిన. ఆ మెమో సంగతి మళ్ల ఎవ్వరు ఎత్తలే, నేను గుర్తు చెయ్యలే. గని ఉన్నమాట చెప్పాలె. ఆ జాగ అక్క పేరు మీద లీజు చేయించనీకి, రేపు ఇంకో కమిషనర్ వచ్చి తీసెయ్యకుండ కౌన్సిల్ల తీర్మానం చేయించనీకి ఆ పిల్లగాడు ఎంత తిరిగిండో నేను కండ్లార చూసిన. తట్టింది నాకైతేంది, ఆయనకైతేంది.

మీకు పనికొచ్చే మాట ఒక్కటే. టౌన్ల జాగ లేదని ఎవరన్న అంటే మ్యాపు ముంగటేసుకొని కూసోకుండ్రి. మన ఆఫీసోళ్లు సామాను ఎక్కడ కుప్పేసిండ్రో పోయి చూడుండ్రి.

నేను రిటైరైనంక కూడ ఆ డబ్బా ఇల్లు అక్కడనే ఉన్నది. ఆఫీసు తెరిచేది ఆలస్యంగ, అక్క తలుపు తెరిచేది పొద్దు పొడవంగనే. నల్లా రాలేదని, మోరీ నిండిందని వచ్చినోళ్లు మొదలు ఆమెకు చెప్పుకునుడు మొదలుపెట్టిండ్రు. ఆమె విని, మా స్టాఫ్ బండి దిగంగనే పట్టుకొని అడిగేది. ఆమె నోటికి జడిసి పనులు చకచక అయ్యేటియి. మొన్న మా గల్లీల లైటు పోయింది. సర్వీసంతా చేసిన ఆఫీసు కద, సీదా లోపలికి పోయి చెప్తమని పోయిన. గేటు పక్క వేపచెట్టు కింద బల్లేసుకొని కూసున్న అక్క, విస్తరి కుట్టుకుంటనే నన్ను ఆపింది.

"లోపలికి పోయి ఏం చేస్తవమ్మా, ఎవ్వరు లేరు. నాకు చెప్పు. కూసో గాడ. నీకంటే ముంగట ఇద్దరున్నరు."

బల్ల మీద కొంచెం జాగ ఉంటే కూసున్న.